తుడిచినా తగ్గని బిల్లు, 199 దగ్గర ఆగిపోయిన జాబ్: క్లౌడ్ డేటా మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా క్లౌడ్‌లో పెద్ద డేటా గురించే, అందుకే మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. చాలామంది చివర్లో "ఇంతకీ ఏ కంపెనీ సర్వీస్ తీసుకోమంటారు" అని కూడా అడిగారు, దానికి మాత్రం నేను జవాబు చెప్పను. మీరు రాసిన తిప్పలన్నీ వరసగా చదివితే సర్వీస్ మార్చేస్తే పోయేది ఒక్కటీ కనపళ్ళేదు నాకు, అన్నీ డేటాని మొదట్లో ఎలా పెట్టాం, ఎవరు ఎలా చదువుతారు అని అడక్కుండానే పెట్టేశామా అన్న దగ్గరే మొదలయ్యాయి.

ప్రశ్న: మా లాగ్స్ (సిస్టమ్స్ రాసుకునే చిట్టాలు) అన్నీ ఎస్‌3 (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) బకెట్‌లో, అంటే అందులో మాకున్న డబ్బాలో ఉంటాయి. బిల్లు ఎక్కువొస్తోందని పోయిన నెల పాతవి దాదాపు సగం డిలీట్ చేశాం. కన్సోల్‌లో చూస్తే ఫోల్డర్లు ఖాళీగానే ఉన్నాయి. కానీ స్టోరేజ్ బిల్లు కొంచెం కూడా తగ్గలేదు. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: డిలీట్ చేశామని మీరు అనుకున్నారు, ఎస్‌3 అనుకోలేదు, అంతే. ముందు ఆ బకెట్ మీద వెర్షనింగ్ (ఫైల్ పాత రూపాల్ని కూడా దాచి ఉంచే సౌకర్యం) ఆన్‌లో ఉందేమో చూడండి. వెర్షనింగ్ ఉన్న బకెట్‌లో మామూలుగా డిలీట్ కొడితే ఫైల్ పోదు, దాని మీద డిలీట్ మార్కర్ అని ఒక ముద్ర పడుతుంది, పైకి చూసేవాళ్ళకి ఫైల్ లేనట్టే ఉంటుంది కానీ పాత వెర్షన్ కింద అలాగే పడి ఉంటుంది, దానికి మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కన్సోల్‌లో ఫైళ్ళ లిస్టు పైన "షో వెర్షన్స్" అని చిన్న స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే మీ సగం డేటా మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

రెండోది ఇంకా దొంగది. పెద్ద ఫైళ్ళని ముక్కలు ముక్కలుగా ఎక్కిస్తాం కదా, మల్టీపార్ట్ అప్‌లోడ్ అంటారు, ఆ ఎక్కించడం మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా ఎక్కిన ముక్కలు అక్కడే ఉండిపోతాయి. అవి ఫైల్ కింద లెక్కకి రావు కాబట్టి మామూలు లిస్టింగ్‌లో కనపడవు, వెర్షన్స్ స్విచ్ నొక్కినా కనపడవు, బిల్లులో మాత్రం కనపడతాయి. నేను ఒకసారి ఒకచోట చూసిన బకెట్ లిస్టు చేస్తే 3 టెరాబైట్లు, మెట్రిక్స్‌లో (ఎస్‌3 చూపించే వాడకం లెక్కల్లో) చూస్తే 11. మిగతా 8 ఎక్కడివా అని రెండ్రోజులు తల పట్టుకున్నాం, చివరికి తేలిందేంటంటే రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి రోజూ ఒకే చోట టైమవుట్ అయ్యి పడిపోతోంది, మర్నాడు మళ్ళీ మొదటినుంచి మొదలెడుతోంది, ఇలా ఏడాదికి పైగా జరిగింది. బ్యాకప్ పడటం లేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది, అది వేరే కథ.

మూడోది, మీరు ఆ లాగ్స్‌ని తక్కువ రేటు క్లాసుల్లోకి ఎప్పుడైనా మార్చారా? ఇన్‌ఫ్రీక్వెంట్ యాక్సెస్‌లో పెట్టినదానికి కనీసం 30 రోజులు, గ్లేసియర్ ఫ్లెక్సిబుల్‌కి 90, డీప్ ఆర్కైవ్‌కి 180 రోజుల అద్దె కట్టాల్సిందే, ముందే తుడిచేసినా మిగిలిన రోజుల డబ్బులు తీసుకుంటారు. పైగా ఇన్‌ఫ్రీక్వెంట్ యాక్సెస్‌లో 128 కేబీ కన్నా చిన్న ఫైల్‌ని కూడా 128 కేబీ అనే లెక్కేస్తారు, 5 కేబీ లాగ్ ఫైళ్ళు లక్షలకొద్దీ అందులోకి తోసి ఆదా అయిందనుకునేవాళ్ళని నేను చాలామందిని చూశా.

చెయ్యాల్సింది చేత్తో తుడవడం కాదండీ, బకెట్ మీద లైఫ్‌సైకిల్ రూల్ రాయడం. పాత వెర్షన్లు 30 రోజుల తర్వాత పోవాలి, పూర్తికాని అప్‌లోడ్స్ 7 రోజుల తర్వాత పోవాలి, ఈ రెండు గీతలు రాస్తే చాలు. రెండోదాన్ని నేనైతే బకెట్ పుట్టినరోజే రాసేస్తా. మొదటిదానికి మాత్రం ముందు టీమ్‌లో అందర్నీ అడగండి, పాత వెర్షన్ల మీద ఆధారపడి పనిచేసే స్క్రిప్ట్ ఎవరో ఒకరు రాసే ఉంటారు.

ప్రశ్న: డివైసుల నుంచి వచ్చే డేటాని ప్రతి నిమిషం జేసన్ (రికార్డుల్ని మామూలు టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఫైళ్ళుగా క్లౌడ్ స్టోరేజ్‌లో రాస్తున్నాం. రోజుకి 9 జీబీ మాత్రమే వస్తుంది, ఇదేం పెద్ద డేటా కూడా కాదు. కానీ ఒక్క రోజుకి సగటు ఉష్ణోగ్రత ఎంత అని చిన్న క్వెరీ (డేటాని అడిగే ప్రశ్న) వేసినా 20 నిమిషాలకి పైనే పడుతోంది. క్లస్టర్ (కలిసి పనిచేసే మెషిన్ల గుంపు) సైజు రెండింతలు చేసినా పెద్ద తేడా లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది, రాసే జాబ్‌లో 50 టాస్కులు (ఒకేసారి నడిచే పని ముక్కలు, ఒక్కోటీ తన ఫైల్ తనే రాస్తుంది) ఉన్నాయని. అసలు రోగం అక్కడుంది. నిమిషానికి 50 ఫైళ్ళు, రోజుకి 1,440 నిమిషాలు, అంటే రోజుకి 72,000 ఫైళ్ళు. 9 జీబీని 72,000తో భాగిస్తే ఒక్కో ఫైల్ ఇంచుమించు 128 కేబీ. ఏడాది తిరిగేసరికి 2 కోట్ల 62 లక్షల ఫైళ్ళు. డేటా ఎక్కువై కాదు, ఫైళ్ళు ఎక్కువై మీ క్వెరీ చస్తోంది.

క్వెరీ మొదలవ్వగానే ఏం జరుగుతుందో చూడండి. ముందు ఏయే ఫైళ్ళున్నాయో లిస్టు అడగాలి, ఎస్‌3 ఒక్కసారికి 1,000 పేర్లే ఇస్తుంది, అంటే 72 సార్లు అడగాలి. తర్వాత ఒక్కో ఫైల్‌కి వెళ్ళి తలుపు కొట్టాలి. ఒక్కసారి కొట్టి జవాబు వచ్చేసరికి 30 మిల్లీసెకన్లు అనుకుందాం, 72,000 సార్లంటే 2,160 సెకన్లు, 36 నిమిషాలు. పదిమంది కలిసి కొడితే 3.6 నిమిషాలకి దిగుతుంది, నిజమే, కానీ ఇదంతా ఇంకా ఒక్క అక్షరం చదవకముందు జరిగే తతంగం. ఆ తర్వాత 128 కేబీ చదవడం కన్నుమూసి తెరిచేంత పని. బస్తాడు గింజల్ని ఒక్కో గింజ చొప్పున మోసినట్టు ఉంటుంది వ్యవహారం. దానికి తోడు లిస్టు పట్టుకుని టాస్కులు పంచిపెట్టే డ్రైవర్ ఒక్కటే ఉంటుంది, కింద మెషిన్లు రెండింతలు చేసినా పంచేవాడు ఒక్కడే కాబట్టి మీకు తేడా తెలియలేదు.

అదే 9 జీబీని 256 ఎంబీ ఫైళ్ళుగా కలిపితే 36 ఫైళ్ళు. డెబ్బై రెండు వేలు ఎక్కడ, ముప్పై ఆరు ఎక్కడ.

కాబట్టి మొదటి పని, రాసేటప్పుడు నిమిషానికోసారి రాసుకోండి పర్లేదు, కానీ గంటకో రోజుకో ఒకసారి ఆ చిన్నవాటిని కలిపి పెద్ద ఫైళ్ళుగా మార్చే జాబ్ ఒకటి పెట్టండి, కంపాక్షన్ అంటారు దీన్ని. 128 ఎంబీ నుంచి 1 జీబీ మధ్య ఎక్కడున్నా బానే ఉంటుంది, దీని గురించి మరీ మడి కట్టుకోనక్కర్లేదు.

రెండో పని, కలిపేటప్పుడు జేసన్‌గానే కలపకండి, పార్కే ఫార్మాట్‌లోకి మార్చండి (మన ఆఫీసుల్లో పార్కెట్ అనే పిలుస్తారు, అలా పిలిచినా పలుకుతుంది). 2013లో ట్విట్టర్, క్లౌడెరా ఇంజనీర్లు కలిసి బయటికి వదిలిన ఫార్మాట్ ఇది. జేసన్‌లో ఒక్కో రికార్డు మొత్తం ఒకచోట ఉంటుంది, మీకు కావాల్సింది ఉష్ణోగ్రత ఒక్కటే అయినా డివైస్ పేరు, బ్యాటరీ, సిగ్నల్, ఎర్రర్ మెసేజ్ అన్నీ చదివి పారెయ్యాలి, పైగా "టెంపరేచర్" అన్న మాట ప్రతి రికార్డులోనూ మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది. పార్కేలో కాలమ్స్ విడివిడిగా పడుకుని ఉంటాయి, ఉష్ణోగ్రత కాలమ్ ఒక్కటే తెచ్చుకుంటే సరిపోతుంది, ఒకే రకం విలువలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి కుదింపు కూడా బాగా కుదురుతుంది. ఇంకో మంచి సంగతి, ఫైల్ తోకలో ఒక్కో గుంపు వరసలకి ఆ కాలమ్‌లో కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అని రాసి ఉంటుంది, మీరు 60 డిగ్రీలు దాటినవి కావాలంటే గరిష్ఠం 45 ఉన్న గుంపుని తెరవకుండానే వదిలేస్తుంది. కానీ ఇది పనిచెయ్యాలంటే రాసేముందు మీరు ఎక్కువగా దేని మీద వెతుకుతారో ఆ కాలమ్ మీద సార్ట్ చేసి ఉండాలి, కలగాపులగంగా రాస్తే ప్రతి గుంపులోనూ అన్ని విలువలూ ఉంటాయి, ఆ కనిష్ఠం గరిష్ఠం ఎందుకూ పనికిరావు. ఈ సార్ట్ సంగతి చాలామంది వదిలేస్తారు.

మూడోది పార్టిషన్, అంటే డేటాని ఫోల్డర్లుగా విడగొట్టడం. తేదీ వారీగా ఫోల్డర్లు పెట్టండి, అంతకన్నా లోపలికి పోకండి. "మాకు డివైస్ వారీగా కూడా వెతకాలి" అని తేదీ, గంట, డివైస్ అని మూడంతస్తులు కడతారు కొందరు, 1,000 డివైసులుంటే ఏడాదికి 87 లక్షల 60 వేల ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో చిటికెడు డేటా, తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

ఒకటి మర్చిపోయా, చిన్న ఫైళ్ళు వద్దన్నారు కదా అని అన్నీ కలిపి 20 జీబీ జీజిప్ (కుదించిన) ఫైల్ ఒకటి చేసిపెట్టేరు! జీజిప్‌ని మధ్యలోంచి చదవడం కుదరదు, వంద మెషిన్లున్నా ఒక్కటే చదువుతుంది, మిగతా తొంభైతొమ్మిదీ దాని మొహం చూస్తూ కూర్చుంటాయి. పార్కేకి ఆ బాధ లేదు, కుదింపు లోపల ముక్కల స్థాయిలో జరుగుతుంది కాబట్టి.

ప్రశ్న: బిగ్‌క్వెరీలో (గూగుల్ క్లౌడ్‌లో టేబుల్స్ మీద క్వెరీలు వేసే సర్వీస్) ఒక పెద్ద టేబుల్ ఊరికే ఎలా ఉందో చూద్దామని అన్ని కాలమ్స్ సెలెక్ట్ చేసి లిమిట్ 10 పెట్టాను. పది వరసలే వచ్చాయి. కానీ టేబుల్ మొత్తం స్కాన్ చేసినట్టు లెక్క చూపించింది. ఇది బగ్గా?

జవాబు: బగ్ కాదు, రూల్ అదే. స్కాన్ చేసినదాన్ని బట్టి ఛార్జ్ చేసే పద్ధతిలో క్లస్టరింగ్ (ఎంచుకున్న కాలమ్స్ ప్రకారం డేటాని సర్ది పెట్టడం) లేని టేబుల్ మీద లిమిట్ పెట్టినా చదివే డేటా తగ్గదు, చూపించేదే తగ్గుతుంది. ఊరికే చూడటానికైతే ప్రివ్యూ ట్యాబ్ ఉంది, దానికి ఛార్జ్ లేదు. క్వెరీ రన్ కొట్టకముందే ఎడిటర్‌లో ఇంత ప్రాసెస్ అవుతుంది అని రాసి ఉంటుంది, అది చూసి కొట్టడం అలవాటు చేసుకోండి, గరిష్ఠంగా ఇంతకన్నా బిల్లు కాకూడదు అని క్వెరీ సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు కూడా. ఆ పరిమితి దాటేలా ఉంటే క్వెరీ నడవకుండానే ఎర్రర్ ఇస్తుంది, డబ్బూ పడదు.

ప్రశ్న: రెండు పెద్ద టేబుల్స్ జాయిన్ చేసే (ఒకే కీ, అంటే కస్టమర్ ఐడీ లాంటి విలువ, ఉన్న వరసల్ని కలిపే) స్పార్క్ (పనిని చాలా మెషిన్లకి పంచి చేయించే సాఫ్ట్‌వేర్) జాబ్ ఉంది. 199 టాస్కులు ఐదారు నిమిషాల్లో అయిపోతాయి, చివరి ఒక్కటి గంటన్నర నడుస్తుంది, ఒక్కోసారి మెమరీ చాలక పడిపోతుంది. ఇంకో పది మెషిన్లు కలపమని మా లీడ్ అంటున్నారు. కలపాలా?

జవాబు: కలపకండి. ఇరవై కలిపినా ఆ ఒక్క టాస్క్ ఒక్క కోర్ మీదే నడుస్తుంది, మిగతావి ఖాళీగా కూర్చుని బిల్లు తింటాయి.

మీ 200 ఎక్కడిదో ముందు చెప్తా. జాయిన్ చెయ్యాలంటే ఒకే కీ ఉన్న వరసలన్నీ ఒకే చోటికి చేరాలి, ఇలా అందర్నీ అటూ ఇటూ తరలించడాన్ని షఫుల్ అంటారు, స్పార్క్ ఎస్‌క్యూఎల్‌లో ఎవరూ మార్చకపోతే షఫుల్ తర్వాత 200 పార్టిషన్లు (ఒక్కో టాస్క్‌కి ఒక్కో వాటా, పైన చెప్పిన ఫోల్డర్లు కాదు) అవుతాయి. ఏ కీ ఏ పార్టిషన్‌కి వెళ్ళాలో హ్యాష్ (కీ నుంచి ఒక అంకె తీసే లెక్క) తేలుస్తుంది. అన్ని కీలకీ ఇంచుమించు సమానంగా వరసలుంటే హాయిగా నడుస్తుంది, ఒక కీకి మాత్రమే కోట్ల వరసలుంటే అవన్నీ ఒక్క టాస్క్ నెత్తిన పడతాయి. స్క్యూ అంటారు దీన్ని.

అవునో కాదో తేల్చుకోవడానికి స్పార్క్ యూఐలో ఆ స్టేజ్ తెరిచి సమ్మరీ మెట్రిక్స్ టేబుల్ చూడండి, షఫుల్ రీడ్ సైజ్ వరసలో మధ్యస్థం దగ్గర 90 ఎంబీ ఉండి గరిష్ఠం దగ్గర 38 జీబీ ఉంటే ఇంకేం అనుమానం అక్కర్లేదు. తర్వాత కీ మీద గ్రూప్ చేసి లెక్కపెట్టి పైన పది చూడండి. నా అనుభవంలో పదింట ఏడెనిమిది సార్లు మొదటి వరసలో కూర్చుని ఉండేది నిజమైన కస్టమర్ కాదు, నల్ (విలువే లేని ఖాళీ), లేకపోతే 0, లేకపోతే "గెస్ట్", ఖాళీ స్ట్రింగ్ ఇలాంటి దొంగ కీ. లాగిన్ కాకుండా తిరిగినవాళ్ళందరికీ ఎవరో ఒకప్పుడు 0 అని ఐడీ ఇచ్చేసి ఉంటారు.

నల్ అయితే మందు సులువు. నల్ దేంతోనూ మ్యాచ్ అవదు, నల్‌తో కూడా. ఇన్నర్ జాయిన్ (రెండువైపులా జత ఉన్నవే ఉంచేది) అయితే స్పార్కే వాటిని ముందుగా వడపోస్తుంది, లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరసలన్నీ ఉంచేది) అయితే ఎడమవైపు నల్స్‌ని పోగొట్టకూడదు కాబట్టి పాపం అన్నిటినీ మోసుకుంటూ ఒకే పార్టిషన్‌లోకి తెచ్చి పడేస్తుంది, ఎవరితోనూ కలవవని తెలిసీ. కాబట్టి మీరే నల్ ఉన్నవాటిని విడగొట్టండి, లేనివాటికి జాయిన్ చేసుకుని చివర్లో యూనియన్‌తో కలపండి.

నిజమైన కీనే అంత పెద్దదైతే ముందు మీ స్పార్క్ వెర్షన్ ఎంతో చూడండి. 3.2 నుంచి అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది, సార్ట్ మర్జ్ జాయిన్‌లో (రెండువైపులా సార్ట్ చేసి కలిపేది) ఉబ్బిపోయిన పార్టిషన్‌ని నడుస్తుండగానే ముక్కలు చేసి పంచుతుంది. పాత వెర్షన్ అయితే కీ చివర్న ఒక యాదృచ్ఛిక అంకె తగిలించి పది ముక్కలు చెయ్యడం, అవతలి టేబుల్‌ని పదిసార్లు నకలు చెయ్యడం, సాల్టింగ్ అంటారు, పని చేస్తుంది కానీ ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు, కాబట్టి ఎందుకు చేశారో పైన రెండు లైన్లు కామెంట్ రాయండి. అవతలి టేబుల్ చిన్నదైతే అసలు షఫుల్ ఎందుకు, దాన్నే అన్ని మెషిన్లకీ ఒక్కో కాపీ ఇచ్చేయొచ్చు, బ్రాడ్‌కాస్ట్ జాయిన్. 10 ఎంబీ లోపు ఉందని స్పార్క్‌కి తెలిస్తే అదే చేస్తుంది, కొంచెం పెద్దదైతే మీరే హింట్ ఇవ్వాలి, మరీ పెద్దది ఇచ్చి మెమరీ పగలగొట్టకండి.

మీ లీడ్‌ని తప్పుపట్టడం లేదు, జాబ్ నెమ్మదైతే మెషిన్లు కలపడం అందరికీ మొదట తోచే ఆలోచనే. ఆ సమ్మరీ టేబుల్ స్క్రీన్‌షాట్ ఒకటి చూపించండి, వాదన అక్కర్లేదు.

ప్రశ్న: నేను బీటెక్ మూడో ఏడాది. సిలబస్‌లో హడూప్ (పెద్ద డేటాని చాలా మెషిన్ల మీద దాచి ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) ఉంది, బయట అందరూ హడూప్ చచ్చిపోయింది అంటున్నారు. చదవాలా వద్దా?

జవాబు: ఆలోచన కోసం చదువు, ఇన్‌స్టలేషన్ కోసం నెల రోజులు పోగొట్టకు. గూగుల్ వాళ్ళు 2003లో వాళ్ళ ఫైల్ సిస్టమ్ గురించి, 2004లో మ్యాప్‌రెడ్యూస్ (పనిని ముక్కలు చేసి ఫలితాలు కలిపే పద్ధతి) గురించి పేపర్లు రాశారు, వాటిని చూసి డగ్ కటింగ్, మైక్ కఫారెల్లా కట్టిందే 2006లో హడూప్ అయింది, కటింగ్ గారబ్బాయి ఆడుకునే బొమ్మ ఏనుగు పేరు అది. డేటా ఉన్నచోటికే పనిని పంపాలి అన్నది దాని మూలసూత్రం, ఎందుకంటే అప్పట్లో డిస్కులతో పోలిస్తే నెట్‌వర్క్ నత్తనడక. అందుకే స్టోరేజూ ప్రాసెసింగూ ఒకే మెషిన్‌లో ఉండేవి, ఒక్కో బ్లాక్ మూడు కాపీలు.

క్లౌడ్‌లో ఆ ముడి విప్పేశారు. డేటా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఎస్‌3 లాంటివి) విడిగా ఉంటుంది, మెషిన్లు కావాల్సినప్పుడు పుడతాయి, పనయ్యాక పోతాయి. హడూప్ క్లస్టర్‌లో జాగా చాలకపోతే అక్కర్లేని సీపీయూలు కూడా కొనాల్సొచ్చేది, ఇప్పుడు ఆ బాధ లేదు. కానీ నువ్వు రేపు స్పార్క్‌తో ఎస్‌3 చదివితే లోపల ఎక్కువగా పనిచేసేది హడూప్ ప్రాజెక్టులో పుట్టిన కనెక్టరే, టేబుల్స్ వివరాలు చాలాచోట్ల ఇంకా హైవ్ మెటాస్టోర్‌లోనే (హడూప్ కాలం నాటి టేబుల్స్ చిట్టా) ఉంటాయి. చచ్చిపోయిందన్నవాళ్ళు రోజూ దాని భుజాల మీదే నుంచుంటున్నారు. మ్యాప్, షఫుల్, రెడ్యూస్ అంటే ఏంటో కాగితం మీద చిన్న ఉదాహరణతో చెయ్యి, పైన 199 దగ్గర ఆగిపోయిన జాబ్ గురించి రాశా కదా, అది అప్పుడు మళ్ళీ చదువు.

ప్రశ్న: ఆఫీసులోని సర్వర్లలో 40 టెరాబైట్ల డేటా ఉంది, క్లౌడ్‌కి మార్చాలి. మా లైన్ 200 ఎంబీపీఎస్. వారాంతంలో అయిపోతుందని మేనేజర్ ప్లాన్ వేశారు. కుదురుతుందా?

జవాబు: ఎంబీపీఎస్‌లో ఉన్నది బిట్లు, మీ డేటా బైట్లు, 8తో గుణించాలి. 40 టీబీ అంటే 320 లక్షల కోట్ల బిట్లు, సెకనుకి 20 కోట్ల చొప్పున పంపితే 16 లక్షల సెకన్లు, పద్దెనిమిదిన్నర రోజులు. అదీ లైన్ మొత్తం మీకే ఇచ్చేసి, ఒక్క క్షణం తెగకుండా ఉంటే. ఆఫీసులో అందరూ అదే లైన్ వాడతారు కాబట్టి నెలన్నర అని చెప్పండి, తర్వాత మాట పడక్కర్లేదు. అదే 1 గిగాబిట్ లైన్ మీద పెటాబైట్ పంపాలంటే 92 రోజులు పడుతుంది, అందుకే ఇప్పటికీ డిస్కులు పెట్టెలో పెట్టి బండి మీద పంపడం ఉంది. అమెజాన్ అయితే 2016లో ఏకంగా 100 పెటాబైట్లు పట్టే లారీనే తెచ్చింది, తర్వాత దాన్ని ఆపేశారు.

పంపేముందు సగం పని తగ్గించుకోవచ్చు. 40 టీబీలో ఒకే ఫైల్ నాలుగు కాపీలు ఎన్ని, "ఫైనల్", "ఫైనల్ కొత్తది" ఫోల్డర్లెన్ని చూడండి. చిన్న ఫైళ్ళని కట్టలు కట్టి పంపండి. ప్రతి ఫైల్‌కీ చెక్‌సమ్ (ఫైల్ మారితే మారిపోయే గుర్తు సంఖ్య) లెక్కేసి అటు చేరాక సరిపోల్చండి, పాతవి తుడిచేది ఆ తర్వాతే. ఇంకోటి, లోపలికి పంపడానికి సాధారణంగా ఛార్జ్ ఉండదు, బయటికి తెచ్చుకోవడానికి ఉంటుంది, రోజూ క్లౌడ్ నుంచి ఆఫీసుకి లాగే రిపోర్టులేమైనా ఉంటే వాటి లెక్క ఇప్పుడే వెయ్యండి. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ పూర్తిగా వదిలి వెళ్ళిపోయేవాళ్ళకి ఆ ఛార్జ్ తీసేశాయి, రోజూ లాగేవాళ్ళకి కాదు.

ప్రశ్న: ఎస్‌3లో డేటా భద్రత 99.999999999 శాతం అని రాసుంది, పదకొండు తొమ్మిదులు. మరి బ్యాకప్ ఎందుకు?

జవాబు: ఆ పదకొండు తొమ్మిదులు డిస్కులు చెడిపోవడం గురించి. మీరు తుడిచేస్తే ఏంటన్నది అందులో లేదు. మీ స్క్రిప్ట్ తప్పు ఫోల్డర్ మీద పడితే ఎస్‌3 పదకొండు తొమ్మిదుల నమ్మకంతో తుడిచిపెడుతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచుకునే సర్వీస్‌లో జరిగింది వాళ్ళే బయటికి చెప్పారు కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. రాత్రిపూట డేటాబేస్ కాపీ సరిచేస్తూ ఒక ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డిలీట్ కమాండ్ కొట్టారు, ఆపేలోపు దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ చూద్దామంటే అవి కొన్నాళ్ళుగా పడటమే లేదు, పడటం లేదని చెప్పాల్సిన ఈమెయిల్స్ కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ అదే ఇంజనీర్ ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి నకలు) ఒకటి ఉంది, దాంతో బయటపడ్డారు. ఆ మధ్య ఆరు గంటలు పోయినట్టే.

ఇంకోటి, పోకుండా ఉండటం వేరు, అందుబాటులో ఉండటం వేరు. అదే ఏడాది ఫిబ్రవరి 28న ఎస్‌3లో ఒక ప్రాంతం నాలుగు గంటల పాటు పడిపోయింది, కమాండ్‌లో ఒక విలువ తప్పు కొట్టడం వల్ల అనుకున్నదాని కన్నా ఎక్కువ సర్వర్లు పీకేశారు. డేటా ఎక్కడికీ పోలేదు, కానీ ఆ నాలుగు గంటలూ ఎవరికీ అందలేదు.

కాబట్టి వెర్షనింగ్ ఉంచండి, ముఖ్యమైనదానికి ఇంకో కాపీ వేరే అకౌంట్‌లో, వేరే మనుషుల దగ్గర తాళం ఉండేలా పెట్టండి, మూణ్నెల్లకోసారి నిజంగా అందులోంచి ఒక టేబుల్ వెనక్కి తెచ్చి చూడండి. డీప్ ఆర్కైవ్‌లో పెడితే తెచ్చుకోవడానికి 12 గంటలు, తక్కువ రేటులో అయితే 48 గంటల దాకా పడుతుంది, మీ బాస్ అంతసేపు ఆగుతారో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: ఐస్‌బర్గ్, డెల్టా లేక్ అనే టేబుల్ ఫార్మాట్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు. పార్కే ఉంటే చాలదా?

జవాబు: మీరు ఫైళ్ళు రాసి వదిలేసి, ఎప్పుడూ దిద్దకుండా చదువుకునే పనైతే చాలు. కానీ ఒకడు రాస్తుండగా ఇంకొకడు చదివితే సగం రాసినవి కనపడతాయి, ఒక కస్టమర్ వివరాలు తుడవమంటే ఏ ఫైల్లో ఉందో వెతికి ఆ ఫైల్ మొత్తం తిరగరాయాలి. ఈ ఫార్మాట్లు చేసేది ఏంటంటే, ప్రస్తుతం టేబుల్ అంటే ఫలానా ఫైళ్ళు అని ఒక జాబితా పక్కన రాసుకుంటాయి, మార్పు వస్తే కొత్త ఫైళ్ళు రాసి జాబితాని ఒక్క దెబ్బలో మారుస్తాయి, పాత జాబితా ఉంటుంది కాబట్టి నిన్న ఎలా ఉందో కూడా చూడొచ్చు. ఐస్‌బర్గ్ నెట్‌ఫ్లిక్స్‌లో పుట్టింది, డెల్టా లేక్‌ని డేటాబ్రిక్స్ 2019లో ఓపెన్ సోర్స్ చేసింది.

ఒక్క జాగ్రత్త. నిన్నటిది చూడొచ్చు అంటే నిన్నటి ఫైళ్ళు ఇంకా ఉన్నాయనే కదా అర్థం. డెల్టాలో వ్యాక్యూమ్ (పాత ఫైళ్ళు ఊడ్చే కమాండ్) నడపకపోతే, ఐస్‌బర్గ్‌లో పాత స్నాప్‌షాట్లు తీసెయ్యకపోతే స్టోరేజ్ పెరుగుతూనే ఉంటుంది, మళ్ళీ మొదటి ఉత్తరంలో అడిగిన ప్రశ్నే, తుడిచినా బిల్లు ఎందుకు తగ్గలేదని, మీరూ అడుగుతారు. వ్యాక్యూమ్ మామూలుగా 7 రోజుల లోపువి ముట్టుకోదు, ఆ 7ని సున్నా చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, నడుస్తున్న జాబ్ చదువుతున్న ఫైళ్ళే మాయమవుతాయి.

ప్రశ్న: శుక్రవారం సాయంత్రం టెస్ట్ కోసం 40 మెషిన్ల క్లస్టర్ లేపి ఆపడం మర్చిపోయాను. సోమవారం చూశాను. బడ్జెట్ అలర్ట్ పెట్టుకున్నా కూడా ఇలా ఎందుకైంది?

జవాబు: అలర్ట్ అంటే ఈమెయిల్ పంపుతుంది, మెషిన్లు ఆపదు. పైగా బిల్లింగ్ లెక్కలు కొన్ని గంటలు ఆలస్యంగా వస్తాయి, మీ ఈమెయిల్ శనివారం వచ్చే ఉంటుంది, ఇన్‌బాక్స్ చూడండి. క్లస్టర్ లేపేటప్పుడే ఇన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే ఆగిపోవాలి అనే సెట్టింగ్ ఉంటుంది, టెస్ట్‌వాటికి 30 నిమిషాలు పెట్టెయ్యండి, అది లేకుండా క్లస్టర్ పుట్టనివ్వకుండా టీమ్ మొత్తానికి పాలసీ పెట్టొచ్చు. టెస్ట్‌లకి స్పాట్ మెషిన్లు (మిగిలిపోయినవి తక్కువ అద్దెకి ఇచ్చేవి) వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది, ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) రెండు నిమిషాల నోటీసు ఇచ్చి లాగేసుకుంటారు కాబట్టి డ్రైవర్‌ని మాత్రం మామూలు మెషిన్ మీదే ఉంచండి, వర్కర్ పోతే జాబ్ ఆ ముక్క మళ్ళీ చేసుకుంటుంది, డ్రైవర్ పోతే మొత్తం పోతుంది.

సోమవారం పొద్దున్నే మీ మేనేజర్‌కి మీరే ముందు చెప్పారా లేదా రాయలేదు. చెప్పకపోతే ఈ పేజీ మూసి వెళ్ళి చెప్పండి, బిల్లు చూసి ఆయన అడిగేదాకా ఆగకండి. సపోర్ట్ టికెట్ కూడా ఒకటి పెట్టి చూడండి, మొదటిసారి పొరపాటు అంటే కొన్నిసార్లు కొంత వెనక్కిస్తారు.